కళింగపట్నం ఇసుక అక్వేరియంలో వెయ్యొచ్చా?

[క్లోజప్: తెల్లటి పళ్లెంలో గుప్పెడు ఇసుక. ప్లాస్టిక్ కవర్ చుట్టిన అయస్కాంతం దాని మీదుగా కదులుతుంది.]

చూశారా, మీసాల్లా ఎలా అంటుకున్నాయో! ఇనుప రజను కాదండి, కళింగపట్నం బీచ్ ఇసుకే. "అన్నా, సముద్రం చేపకి సముద్రం ఇసుకే కదా, కొనీదేటి?" అని శ్రీకాకుళం నుంచి ఓ తమ్ముడు అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. కాకపోతే ఏ సముద్రం ఇసుక అన్నది చూడాలి.

[రెండు గిన్నెలు, రెండు రకాల ఇసుక. డ్రాపర్‌తో వెనిగర్.]

ఎడమవైపుది షాపులో కొన్న అరగొనైట్. అంటే కాల్షియం కార్బొనేట్, పగడాలూ గవ్వలూ తయారయ్యే సరుకే. వెనిగర్ పడగానే చూడండి, సోడాలా పొంగింది. ఇప్పుడు మనది... ఆ చిన్న గవ్వ ముక్క దగ్గర నాలుగు బుడగలు, అంతే. మన ఇసుక కొండల నుంచి వచ్చింది మరి. తూర్పు కనుమల రాళ్లు అరిగితే వంశధార, నాగావళి మోసుకొచ్చి పోసింది. ఎక్కువ భాగం క్వార్ట్జ్, అంటే పలుగురాయి. ఆ నల్ల చారలు ఇల్మనైట్ లాంటి బరువు ఖనిజాలు, ఎర్రగా మెరిసేది గార్నెట్. 

ఉప్పునీటి ట్యాంకులో పీహెచ్, అంటే నీళ్లు ఆమ్లమో క్షారమో చెప్పే లెక్క, 8.1 నుంచి 8.4 మధ్య ఉండాలి. అరగొనైట్ కొంచెం కొంచెంగా కరుగుతూ అందుకు సాయపడుతుంది. క్వార్ట్జ్ వల్ల ఆ సాయం ఉండదు, అలాగని హానీ ఉండదు. క్లౌన్ ఫిష్ లాంటి చేపలు మాత్రమే పెంచుతూ, వేళకి నీళ్లు మారుస్తుంటే నడిచిపోతుంది. పగడాలు పెంచాలనుకుంటే మాత్రం అరగొనైటే కొనండి.

[క్లోజప్: అద్దం మీద పొడవాటి గీత.]

అసలు తంటా ఈ నల్ల రేణువులతోనే. అద్దం తుడిచే మ్యాగ్నెట్ క్లీనర్ ఇసుక దాకా దిగిందంటే ఇవి దాన్ని పట్టుకుంటాయి. ఇక మీరు తుడుస్తున్నాననుకుంటూ గీకుతుంటారు. క్వార్ట్జ్, గార్నెట్ రెండూ గాజు కంటే గట్టివి, వాటిలో ఒక్క రేణువు ఇరుక్కున్నా చాలు. ఈ గీత నా చేతి పనే, పదిహేను నిమిషాల శ్రద్ధకి దక్కిన బహుమతి! పంపు లోపల తిరిగే రోటర్ కూడా అయస్కాంతమే, అందులోకీ చేరతాయి. ముందు కరకర శబ్దం, తర్వాత నిశ్శబ్దం.

[బీచ్ దృశ్యం: తడి ఇసుక మీద తాబేలు పాకిన జాడ.]

ఇంకో మాట. సముద్ర తీరాన్ని కాపాడే సీఆర్‌జెడ్ నిబంధనల ప్రకారం తీరంలో ఇసుక తవ్వకం నిషేధం. బకెట్టే కదా అనిపిస్తుంది, కానీ ప్రతివాడిదీ బకెట్టే. చలికాలం చివర్లో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టేదీ ఈ ఇసుకలోనే. కూర్మనాథుడికి గుడి కట్టుకున్న ఊరు పక్కనే ఉంది, నేను వేరే చెప్పాలా?

ఇంట్లో ఇప్పటికే ఉందంటారా? అయితే తడిగా ఉన్నది అలాగే పొయ్యకండి. అందులోని పురుగూ పుట్రా కవర్లోనే చచ్చిపోయి, ట్యాంకులో చేపలకి విషమైన అమ్మోనియా అవుతాయి. మంచినీళ్లతో, బియ్యం కడిగినట్టు, పై నీళ్లు తేటపడేదాకా కడగండి. పది సార్లయినా పడుతుంది. ఎండలో పలచగా ఆరబెట్టి, మ్యాగ్నెట్‌తో నాలుగైదు సార్లు కలియదిప్పి, దొరికినంత నల్లదనం తీసెయ్యండి. బోట్లు ఆగే చోటు నుంచి తెచ్చిందీ, డీజిల్ వాసన వచ్చేదీ అయితే కడగడం కూడా దండగ.

ట్యాంకులో ఒకటి రెండు అంగుళాలకి మించి వెయ్యకండి. మందంగా వేస్తే అడుగున గాలి అందక, కుళ్లిన గుడ్డు వాసన వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ తయారయ్యే ప్రమాదం ఉంది.

[టెస్ట్ కిట్ గొట్టంలో రంగు.]

తర్వాత నాలుగు నుంచి ఆరు వారాలు నీళ్లు నింపి, చేపలు లేకుండానే ట్యాంకు నడపండి. అమ్మోనియాని తినే బాక్టీరియా పెరగడానికి అంత సమయం పడుతుంది. అమ్మోనియా, అది మారితే వచ్చే నైట్రైట్, రెండూ పెరిగి మళ్లీ సున్నా చూపించే దాకా చేపల షాపు వీధిలోకే వెళ్లకండి.