రాకెట్ వార్త ఎలా రాయాలి? (అసలు అనుకున్నది ఇదే)

లత: నమస్కారం. ఈ వారం మన విషయం ప్రైవేటు అంతరిక్ష కంపెనీల మీద రిపోర్టింగ్. స్కైరూట్, అగ్నికుల్, ధ్రువ స్పేస్, మూడూ మాట్లాడుకుందాం.

చందు: స్కైరూట్‌తో మొదలుపెడదాం అక్కా.

లత: ఎక్కడ మొదలుపెట్టినా నువ్వు వేగం దగ్గరికే వస్తావు. వినేవాళ్లు పందేలు కాసుకుంటున్నారు.

చందు: కాసుకోనీ. 2022 నవంబర్ 18, శ్రీహరికోటలోని షార్ నుంచి స్కైరూట్ రాకెట్ విక్రమ్-ఎస్ ఎగిరింది. 89.5 కిలోమీటర్ల ఎత్తు. ఇక టీవీల్లో ఒకటే హోరు, 'అంతరిక్షాన్ని జయించిన హైదరాబాద్ కుర్రాళ్లు' అని.

లత: వెళ్లారు కదా!

చందు: ఎవరి లెక్కలో? అంతరిక్షం మొదలయ్యే హద్దుగా చెప్పే కార్మన్ రేఖ 100 కిలోమీటర్లు.

లత: అమెరికా లెక్కలో 80 దాటితే అంతరిక్షమే. మనవాళ్ల దగ్గరికొచ్చేసరికి పది కిలోమీటర్ల కోసం పేచీయా?

చందు: పేచీ ఎత్తు గురించి కాదు. ఆ రాకెట్ వేగం శబ్దానికి 5 రెట్లు. కక్ష్యలో నిలవాలంటే సెకనుకి దాదాపు 7.8 కిలోమీటర్లు...

లత: వచ్చిందమ్మా! పందెం డబ్బులు పంచుకోండి.

చందు: నవ్వు, పర్లేదు. పైకెళ్లి సముద్రంలో పడటం వేరు, భూమి చుట్టూ తిరగడం వేరు. ఇది ఉపకక్ష్య ప్రయోగమని కంపెనీయే చెప్పింది. ఆ ముక్క మనవాళ్లు మింగేశారు. ఇప్పుడే జయించేశారని రాస్తే, కక్ష్యకి వెళ్లే రోజున ఏం రాస్తారు?

లత: రాత్రి పదింటికి డెస్కులో కూర్చుని 'ఉపకక్ష్య' అని హెడ్డింగు పెట్టి చూడు. పేజీ ఇన్‌చార్జి నిన్నే కక్ష్యలోకి పంపుతాడు.

చందు: పంపాలన్నా 7.8 కావాలి.

లత: అబ్బా! సరే, నా బాధ వేరు. ఇస్రో అయితే లైవ్ ఇస్తారు, ప్రెస్‌మీట్ పెడతారు, ఆర్టీఐ వేయొచ్చు, పార్లమెంటులో అడగొచ్చు. ప్రైవేటు కంపెనీని ఏమని అడుగుతావు? ప్రెస్‌నోట్‌లో ఎంత ఉంటే అంతే. షార్ పక్కనున్న సూళ్లూరుపేట విలేకరికి కనిపించేది పొగ ఒక్కటే.

చందు: అది నిజమే.

లత: ఏంటి, ఒప్పుకున్నావా?

చందు: సగం. కంపెనీ లెక్కలు కార్పొరేట్ వ్యవహారాల శాఖకి ఇవ్వక తప్పదు, తీసి చదవాలి. అనుమతులు ప్రభుత్వ సంస్థ ఇన్-స్పేస్ ఇస్తుంది, వాళ్లనీ అడగాలి. ఎవరూ చదవరు. ఫౌండర్ ఇంటర్వ్యూ, ఐఐటీ కథ, అమ్మ ఏమన్నారు... అంతే.

లత: అమ్మ కథ నాకిష్టం.

చందు: నాకూ ఇష్టమే. దాని పక్కన ఇంజిన్ ఎన్ని సెకన్లు మండిందో కూడా రాయమంటున్నా. స్పేస్‌ఎక్స్ ఫాల్కన్-1 మూడుసార్లు విఫలమై, 2008లో నాలుగోసారి గెలిచింది. మన దగ్గర ఒక్కసారి ఆగినా 'కుప్పకూలిన ఆశలు' అంటారు. అగ్నికుల్ ఎన్నోసార్లు వాయిదా పడి 2024 మే 30న ఎగిరింది. 3డీ ప్రింటింగ్‌తో చేసిన ఇంజిన్ అక్కా అది!

లత: టైమ్ అయిపోతోందని అటునుంచి చేతులూపుతున్నారు. ధ్రువ స్పేస్ గురించి రాసుకొచ్చిన పేజీ అలాగే ఉంది.

చందు: వచ్చే వారం.

లత: వచ్చే వారం క్రికెట్ అన్నావుగా?

చందు: అన్నానా? ఎప్పుడూ? ఆ రోజు నువ్వే కదా...