ఇన్సూరెన్స్ కార్డు చేతికొస్తే నిజంగా ఏం మారుతుంది? ఒక లాటరీ, కొన్ని లెటర్లు, ఒక హాస్పిటల్ బిల్లు

హాయ్ అండి, వెల్కమ్. ఈరోజు వీడియో ఒక ప్రశ్నతో మొదలెడదాం, వింటే చాలా సిల్లీగా ఉంటుంది. హెల్త్ ఇన్సూరెన్స్ ఉంటే మనిషి ఆరోగ్యం బాగుపడుతుందా? బాగుపడుతుంది, అందులో అడగడానికేముంది అంటారు కదా. సరే, మరి ప్రూవ్ చేయండి. అమెరికాలో హెల్త్ ఎకనామిస్టులు ఈ ఒక్క ప్రశ్న పట్టుకుని 50 ఏళ్ళ నుంచి కొట్టుకుంటున్నారు, ఇప్పటికీ పూర్తిగా తేల్లేదు.

ఎందుకంత కష్టం అంటే, ఇన్సూరెన్స్ ఉన్నవాళ్ళని ఒక పక్క, లేనివాళ్ళని ఇంకో పక్క నిలబెట్టి పోల్చేస్తే అయిపోదు. అక్కడ చాలామందికి ఇన్సూరెన్స్ వచ్చేది ఉద్యోగం వల్ల, అంటే ఇన్సూరెన్స్‌తో పాటు జీతం కూడా ఉంది, వాళ్ళు బాగున్నారంటే అది కార్డు మహిమా జీతం మహిమా ఎలా చెప్తాం? ఇంకో పక్క సొంతంగా పాలసీ కొనుక్కునేవాళ్ళలో ఒంట్లో బాలేనివాళ్ళే ముందు పరిగెడతారు, అప్పుడు లెక్క తిరగబడి ఇన్సూరెన్స్ ఉన్నవాళ్ళకే రోగాలెక్కువ అన్నట్టు కనబడుతుంది. సో ఎవరికి ఇన్సూరెన్స్ రావాలో చీటీలు తీసి డిసైడ్ చేస్తే తప్ప అసలు సంగతి తెలీదు. మనుషుల ఆరోగ్యంతో చీటీలాటా అంటారేమో, నిజంగానే చేశారండి, అదీ ఒకసారి కాదు.

[స్క్రీన్ మీద: ర్యాండ్ ప్రయోగం, 1971]

మొదటిది ర్యాండ్ అనే సంస్థ చేసింది, ప్రభుత్వం డబ్బుతో. నడిపించింది జోసెఫ్ న్యూహౌస్ అనే ఎకనామిస్టు. ఆరు చోట్ల కుటుంబాలని తీసుకున్నారు, డేటన్, సియాటిల్ లాంటి సిటీలూ ఉన్నాయి, సౌత్ కరోలినాలో పల్లెటూళ్ళూ ఉన్నాయి. ఎవరికి ఏ ప్లాన్ అనేది చీటీ మీదే. కొందరికి వైద్యం మొత్తం ఫ్రీ, కొందరు బిల్లులో 25 శాతం కట్టాలి, కొందరు 50, కొందరు ఏకంగా 95 శాతం. అయ్యో 95 ఏంటి, కొంప మునిగిపోదా అంటే, మునగదు, సంవత్సరానికి ఒక లిమిట్ పెట్టారు, ఎంత పెద్ద జబ్బొచ్చినా 1,000 డాలర్లు దాటి జేబులోంచి పోదు, ఆదాయం తక్కువుంటే లిమిట్ ఇంకా తక్కువ. పైగా పాల్గొన్నందుకు ఏ కుటుంబమూ నష్టపోకుండా ఎదురు డబ్బులిచ్చారు.

ఏం తేలిందంటే, 95 శాతం వాళ్ళు ఫ్రీ వాళ్ళకంటే దాదాపు 30 శాతం తక్కువ వైద్యం వాడారు. అంటే ధర పెడితే వాడకం తగ్గుతుంది, ఇది చాలామంది ఊహించిందే. అయినా సగటు మనిషి ఆరోగ్యంలో పెద్ద తేడా రాలేదు. ఇక్కడిదాకా చదివి పేపర్ మడిచేసినవాళ్ళు చాలామంది ఉన్నారు, "చూశారా, జనం అనవసరంగా డాక్టర్ దగ్గరికి పోతున్నారు, కాస్త డబ్బు కట్టిస్తే దారికొస్తారు" అని. కానీ అసలు విషయం తర్వాతి పేజీల్లో ఉంది. డబ్బు కట్టాల్సి వచ్చినవాళ్ళు అనవసరమైన వైద్యం ఎంత తగ్గించుకున్నారో, అవసరమైన వైద్యం కూడా సుమారు అంతే తగ్గించుకున్నారు. మామూలు మనిషికి ఏ టెస్టు పనికొస్తుందో ఏది దండగో ఎలా తెలుస్తుందండీ, అది తెలిస్తే డాక్టర్ ఎందుకు? ఇంకోటి, పేదవాళ్ళై ఉండి, బీపీ కూడా ఉన్నవాళ్ళ విషయంలో ఫ్రీ వైద్యం స్పష్టంగా పనిచేసింది, బీపీ కంట్రోల్‌లోకి వచ్చింది, చావు రిస్కు సుమారు 10 శాతం తగ్గుతుందని లెక్క కట్టారు. సగటు తీసేసరికి వీళ్ళు అందులో కలిసిపోయి కనబడకుండా పోయారు.

ఇప్పుడు బిల్లు దగ్గరికి వద్దాం, ఇది కాస్త నెమ్మదిగా చూడండి.

[స్క్రీన్ మీద: ఉదాహరణకి ఒక ప్లాన్. డిడక్టిబుల్ 2,000, కోఇన్సూరెన్స్ 20 శాతం, ఏడాదికి మీ వంతు గరిష్ఠంగా 6,000 డాలర్లు]

ఇవి నేను లెక్క కోసం వేసుకున్న అంకెలు, కానీ అమెరికా ప్లాన్లు ఉండేది ఇలాగే. ఒక ఆపరేషన్ 30,000 డాలర్లు అనుకోండి. మొదటి 2,000 మీరే కట్టాలి, అది డిడక్టిబుల్. మిగిలిన 28,000లో 20 శాతం మీది, అదే కోఇన్సూరెన్స్, అంటే 5,600. రెండూ కలిపితే 7,600 అవ్వాలి, కానీ లిమిట్ 6,000 కాబట్టి అక్కడితో ఆగిపోతారు. గమనించారా, బిల్లు 22,000 దగ్గరే మీ వంతు అయిపోయింది. ఆ పైన హాస్పిటల్ 30,000 వేసినా 60,000 వేసినా మీకు ఒకటే, 6,000. మరి ఇంకో హాస్పిటల్‌లో ఎంతుందో కనుక్కుందాం అని ఎవరు ఫోన్ చేస్తారు? మిగతాది ఇన్సూరెన్స్ కంపెనీ కడుతుంది కదా అంటే, కంపెనీ తన జేబులోంచి కట్టదు, వచ్చే ఏడాది ప్రీమియంలో కలుపుతుంది, ఆ ప్రీమియం ఉద్యోగం ఇచ్చినవాడు కడుతున్నట్టే ఉంటుంది గానీ చివరికి అది పెరగాల్సిన జీతం పెరక్కపోవడంలో తేలుతుంది. చుట్టూ తిరిగి మళ్ళీ మీ దగ్గరికే.

సరే అయితే డిడక్టిబుల్ పెంచేద్దాం, అప్పుడు జనం ధరలు పోల్చుకుంటారు అని ఒక వాదన ఉంది. దీన్ని కూడా చెక్ చేశారు. ఒక పెద్ద కంపెనీ వేలమంది ఉద్యోగుల్ని దాదాపు ఫ్రీగా ఉన్న ప్లాన్ నుంచి పెద్ద డిడక్టిబుల్ ప్లాన్‌కి మార్చేసింది, 2017లో దాని మీద పేపర్ వచ్చింది. ఖర్చు 12 నుంచి 14 శాతం దాకా పడిపోయింది, నిజమే. కానీ ఎలా పడింది? చవక హాస్పిటల్ వెతుక్కున్నందుకు కాదు, వైద్యమే మానేసినందుకు. బాగా జబ్బున్నవాళ్ళు, ఏడాది తిరిగేసరికి ఎలాగూ డిడక్టిబుల్ దాటిపోయేవాళ్ళు, వాళ్ళు కూడా సంవత్సరం మొదట్లో చేయి బిగబట్టేశారు. నన్నడిగితే జనానికి షాపింగ్ నేర్పిద్దాం అనే ఐడియాకి ఇంతకంటే దెబ్బ ఉండదు.

అసలు అమెరికాలో ఖర్చు అంతలా ఎందుకుందో కూడా ఒక్క ముక్కలో చెప్పేస్తా, ఎందుకంటే అక్కడ జనం డాక్టర్ల చుట్టూ ఎక్కువ తిరుగుతారేమో అనుకుంటారు చాలామంది. ప్రిన్స్‌టన్‌లో ఉవె రైన్‌హార్ట్ అని ఒకాయన ఉండేవారు, జర్మనీలో పుట్టారు, 2017లో పోయారు, ఆయనా ఇంకొందరూ కలిసి 2003లోనే డేటా పెట్టి చూపించారు, మిగతా ధనిక దేశాలతో పోలిస్తే అమెరికన్లు వాడే వైద్యం ఏమంత ఎక్కువ కాదు, ఒక్కోదానికి కట్టే ధరే ఎక్కువ అని. 2023 నాటికి ఆ దేశం మొత్తం ఆదాయంలో 17.6 శాతం వైద్యానికే పోయింది.

[స్క్రీన్ మీద: ఒరెగాన్, 2008]

ఇక లాటరీ. పేదవాళ్ళకి ప్రభుత్వం ఇచ్చే మెడికెయిడ్‌లో ఒరెగాన్ రాష్ట్రం దగ్గర 10,000 మందికి సరిపడా డబ్బులు మిగిలాయి. పేర్లిచ్చినవాళ్ళు దాదాపు 90,000. ఏం చేస్తారు, లాటరీ తీశారు. ఎకనామిస్టులకి ఇది నెత్తిన పాలు పోసినట్టే, ఎమ్‌ఐటీలో అమీ ఫింకెల్‌స్టీన్, అప్పట్లో హార్వర్డ్‌లో ఉన్న కేథరిన్ బెయికర్, వాళ్ళ టీమ్ వెంటనే దిగిపోయారు. ఇందులో ఒక చిన్న విషయం ఉంది, దీని గురించి పెద్దగా ఎవరూ మాట్లాడరు. లాటరీ గెలిచింది సుమారు 35,000 మంది, కానీ అందులో చివరికి కార్డు దక్కింది 30 శాతానికే. గెలిచాక 45 రోజుల్లో అప్లికేషన్ నింపి పంపాలి, ఆదాయం రుజువు చూపించాలి, చాలామంది ఫారమే వెనక్కి పంపలేదు, పంపినవాళ్ళలో సగం మందికి అర్హత లేదని తేలింది. అదృష్టం తలుపు కొట్టినా ఫారం అడ్డమొచ్చింది.

కార్డు దక్కినవాళ్ళకి ఏమైంది? హాస్పిటల్‌లో చేరడం 30 శాతం పెరిగింది, డాక్టర్ దగ్గరికి వెళ్ళడం 35 శాతం. ఎమర్జెన్సీ రూమ్‌కి పోవడం 40 శాతం పెరిగింది, ఇది మాత్రం పెద్ద షాక్, ఎందుకంటే ఇన్సూరెన్స్ ఇస్తే జనం మామూలు క్లినిక్‌కి వెళ్తారు, ఎమర్జెన్సీలో రద్దీ తగ్గి డబ్బులు ఆదా అవుతాయి అని రాజకీయ నాయకులు ఎన్నేళ్ళుగానో చెప్తూ వచ్చారు. అప్పులు తగ్గాయి, వైద్యం బిల్లు వసూలు ఏజెంట్ల చేతికి వెళ్ళడం 25 శాతం తగ్గింది. డిప్రెషన్ సుమారు 30 శాతం తగ్గింది.

మరి ఆరోగ్యం? పోర్ట్‌లాండ్ చుట్టుపక్కల 12,229 మందిని కూర్చోబెట్టి బీపీ చూశారు, వేలికి సూది గుచ్చి రక్తం చుక్క తీసి షుగరు, కొలెస్ట్రాల్ చూశారు. రెండేళ్ళ తర్వాత కూడా చెప్పుకోదగ్గ తేడా లేదు. 2013లో ఇది బయటికి రాగానే ఇక చూస్కోండి, ఎవరి డప్పు వాళ్ళు కొట్టుకున్నారు, ఒకళ్ళు మెడికెయిడ్ దండగ అన్నారు, ఇంకొకళ్ళు డిప్రెషన్, అప్పులు తగ్గాయి కదా అన్నారు. రెండు వైపులా ఒక సంగతి వదిలేశారు. ఆ 12 వేలమందిలో షుగరు బాగా ఎక్కువున్నవాళ్ళు కొంతమందే, అంత చిన్న గుంపులో చిన్న మార్పు వచ్చినా లెక్కలకి అందదు. చావుల సంగతైతే చెప్పనే అక్కర్లేదు, అది తేల్చాలంటే వేలు చాలవు, లక్షలు కావాలి.

ఆ లక్షలు దొరికింది ఎక్కడో తెలుసా, ఇన్‌కమ్ టాక్స్ ఆఫీసులో. 2010లో వచ్చిన ఒబామా కేర్ చట్టం ప్రకారం అప్పట్లో ఇన్సూరెన్స్ లేకపోతే టాక్స్‌తో పాటు పెనాల్టీ కట్టాల్సి వచ్చేది. అలా పెనాల్టీ కట్టిన సుమారు 45 లక్షల ఇళ్ళకి "మీరు పెనాల్టీ కట్టారు, ఇన్సూరెన్స్ ఇలా తీసుకోవచ్చు" అని లెటర్లు రాద్దామనుకున్నారు, బడ్జెట్ చాల్లేదు, 39 లక్షల ఇళ్ళకే పంపారు, ఎవరిని వదిలేయాలో చీటీలాగే తీశారు. తర్వాత జాకబ్ గోల్డిన్, ఇథాయ్ లూరీ, జానెట్ మెకబిన్ అనే ముగ్గురు ఆ రెండు గుంపుల్నీ పోల్చారు, 2021లో పేపర్ వచ్చింది. లెటర్ అందుకున్నవాళ్ళలో కొద్దిమందే అదనంగా ఇన్సూరెన్స్‌లో చేరారు, కానీ 45 నుంచి 64 ఏళ్ళ మధ్య వాళ్ళలో, అంతకుముందు ఇన్సూరెన్స్ లేనివాళ్ళలో, 1,648 మందికి లెటర్ పంపితే తర్వాతి రెండేళ్ళలో ఒక చావు తగ్గింది. ఒరెగాన్‌లో కనబడనిది ఇక్కడ కనబడింది, గుంపు పెద్దది కాబట్టి.

ఇంకోసారి ఇలా చేసి చూద్దామంటే కుదరదు. 2019 నుంచి ఆ పెనాల్టీని సున్నా చేసేశారు, కట్టేవాళ్ళే లేకపోతే ఇక ఎవరికి లెటర్ రాయాలో చెప్పే లిస్టు కూడా లేదు.