కొన్నది ఆటా, జట్టులో చోటా?

బామ్మర్ది: రికార్డింగ్ అవుతోంది బావా. మొదలుపెట్టు, పొద్దున్నుంచి కడుపు మండిపోతోందన్నావు కదా.

బావ: మండదా మరి! కొత్త ఎక్స్‌పాన్షన్, అంటే ఆటకి అదనంగా అమ్మే భాగం, దాని ట్రైలర్ చూశాను. మనం శనివారాలు ఆన్‌లైన్‌లో ఆడే తుపాకుల వీడియో గేమ్‌దే, పేరు ఎందుకులే. కళ్లప్పగించి చివరిదాకా చూస్తే తేలిందేంటంటే, అదే గుహ, అవే శత్రువులు, కాకపోతే ఈసారి వాళ్లకి ఊదారంగు పూశారు. ఒక గుండ్రటి గీతలో నిలబడి మీటర్ నిండేదాకా కాల్చాలి, అది నిండాక పక్క గీతలోకి వెళ్లి మళ్లీ కాల్చాలి. దీనికి యాభై డాలర్లు!

బామ్మర్ది: ఇక్కడి లెక్కలో నాలుగు వేల పైమాటే. కొత్తగా వింటున్నవాళ్లకి ఒక మాట, బావ ఉండేది డాలస్‌లో, నేను హైదరాబాద్‌లో. మాకు శనివారం రాత్రయ్యేసరికి వాళ్లకి కాఫీ టైమ్. ఫోన్ చేస్తే రెండు నిమిషాల్లో మాటలు అయిపోతాయి కానీ, హెడ్‌సెట్ పెట్టుకుని ఆటలో కూర్చుంటే మాత్రం మేనత్త మోకాలి నొప్పి దగ్గర్నుంచి మా ఆఫీసు రాజకీయాల దాకా అన్నీ మాట్లాడుకుంటాం.

బావ: నా గొడవంతా అక్కడే ఉంది. ఆట చేసే కంపెనీలకి ఆ సంగతి బాగా తెలుసు. మనం ఊదారంగు శత్రువుల కోసం డబ్బు పెట్టం, మన గ్యాంగ్ ఎక్కడుంటే అక్కడ ఉండటానికి పెడతాం. అందుకే సరుకు బాగా లేకపోయినా ధర తగ్గదు.

బామ్మర్ది: అబ్బా, కాస్త ఎక్కువ చేస్తున్నావు. అంత కుట్ర ఉంటుందా?

బావ: కుట్ర అనను, అలవాటు అంటాను. కాల్ ఆఫ్ డ్యూటీ: మోడ్రన్ వార్‌ఫేర్ 2 గుర్తుందా, 2009 నవంబర్‌లో వచ్చినది? 2010 మార్చిలో దానికి స్టిములస్ ప్యాకేజ్ అని ఒక మ్యాప్ ప్యాక్, అంటే ఆడే స్థలాల కట్ట, వదిలారు. అంతకుముందు పది డాలర్లు ఉండే ప్యాక్‌ని పదిహేను చేశారు. ఇచ్చిన మ్యాప్‌లు 5, వాటిలో 2 కాల్ ఆఫ్ డ్యూటీ 4లోవే, అంటే 2007లో జనం ఒకసారి డబ్బిచ్చి ఆడేసినవి. జనం ఎంత తిట్టారనుకున్నావు! తిడుతూనే ఎక్స్‌బాక్స్ మీద మొదటి వారంలోనే 25 లక్షల ప్యాక్‌లు కొన్నారు.

బామ్మర్ది: తిట్టినవాళ్లు, కొన్నవాళ్లు వేర్వేరేమో.

బావ: ఏం వేరు! ఆ ఆట రిలీజ్‌కి ముందే పీసీలో డెడికేటెడ్ సర్వర్లు, అంటే ఆటగాళ్లే నడుపుకునే సర్వర్లు, తీసేస్తున్నారని స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణంలో బహిష్కరణ గ్రూప్ పెట్టారు. రిలీజ్ రోజు ఎవరో ఆ గ్రూప్ సభ్యుల లిస్టుని స్క్రీన్‌షాట్ తీస్తే, చాలామంది పేర్ల కింద "ఇప్పుడు ఆడుతున్న ఆట" అదే! పదిహేనేళ్లయినా జనం ఆ బొమ్మ పెట్టి నవ్వుకుంటున్నారు. నాకైతే వాళ్లని వెక్కిరించాలనిపించదు. జట్టంతా లోపలుంటే నువ్వొక్కడివీ బయట ధర్నా చేస్తావా?

బామ్మర్ది: మ్యాప్ ప్యాక్‌ల గోల ఇప్పుడు లేదుగా. 2019 మోడ్రన్ వార్‌ఫేర్‌తో కాల్ ఆఫ్ డ్యూటీలో వాటిని ఆపేశారు, మ్యాప్‌లు అందరికీ ఫ్రీ అన్నారు.

బావ: అవును, బదులుగా బ్యాటిల్ పాస్ పెట్టారు, డబ్బిచ్చి కొంటే ఆడేకొద్దీ బహుమతులు వచ్చేది. అదొక రకంగా నయమే, కనీసం కొన్నవాడినీ కొననివాడినీ విడదీయదు. కాకపోతే డబ్బిచ్చాక కూడా సీజన్ గడువు అయిపోయేలోపు కూర్చుని దున్నాలి. సెలవు పెట్టి ఊరెళ్లినా మనసంతా పాస్ మీదే ఉంటుంది.

బామ్మర్ది: సరే, డెస్టినీ 2 సంగతి చెప్పు, అదీ ఆన్‌లైన్ తుపాకుల ఆటే కదా. అది మాట్లాడకుండా ఈ ఎపిసోడ్ పూర్తికాదు.

బావ: దాని గురించి ఎంతైనా మాట్లాడొచ్చు. ముందు ఒక మాట ఒప్పుకుందాం, తుపాకీ చేతిలో ఉన్న ఫీలింగ్‌లో ఆ ఆట చేసిన బంగీ కంపెనీ వాళ్లని కొట్టినవాళ్లు తక్కువ. మొదటి డెస్టినీ వచ్చిన 2014 సెప్టెంబర్‌లోనే జనం ఒక గుహ కనిపెట్టారు. దూరంగా నిలబడి గుహలోకి కాలుస్తూ ఉంటే శత్రువులు వస్తూనే ఉంటారు, సామాన్లు రాలుతూనే ఉంటాయి. గంటలకొద్దీ అదే పని. కంపెనీ వెంటనే ప్యాచ్ వేసి ఆపేసింది, మా ఆటని ఇలా ఆడాలని మేం అనుకోలేదు అంది. బాగానే ఉంది, మరి తర్వాత ప్రతి వారం ఆడించినదేంటి? మంగళవారం వీక్లీ రీసెట్, అంటే వారం పనులన్నీ మళ్లీ మొదలు, ఇండియా టైమ్‌లో రాత్రి 10:30కి. మళ్లీ అదే స్ట్రైక్ మిషన్, అదే బాస్, గుహకి బదులు హాలు.

బామ్మర్ది: 2017లో ఎక్స్‌పీ, అంటే ఆడేకొద్దీ వచ్చే పాయింట్ల గొడవ కూడా ఉంది కదా?

బావ: అది భలే కథ. నవంబర్‌లో ఆటగాళ్లు కూర్చుని లెక్కలేశారు. స్క్రీన్ మీద చూపించే ఎక్స్‌పీ ఒకటి, ఖాతాలో పడేది ఇంకొకటి. ఎక్కువసేపు ఆడేవాడికి లోలోపల కోత పడుతోంది. బయటపడగానే బంగీ ఆ కోత తీసేసింది, కానీ అదే చేత్తో ఒక లెవెల్‌కి కావాల్సిన ఎక్స్‌పీని 80,000 నుంచి 1,60,000కి పెంచింది.

బామ్మర్ది: వామ్మో! దొరికిపోయినా లాభమే.

బావ: ఆ తర్వాతి నెలలో కర్స్ ఆఫ్ ఒసైరిస్ అనే ఎక్స్‌పాన్షన్ వచ్చింది, ఇరవై డాలర్లు. అది కొననివాళ్లకి, అప్పటిదాకా వాళ్ల ఆటలో ఉన్న పెద్ద కష్టం రైడ్, అంటే జట్టుగా ఆడే పెద్ద మిషన్, కూడా మూసుకుపోయింది, ఎందుకంటే దానికి కావాల్సిన పవర్ లెవెల్ పెంచేశారు. గోల అయ్యాక కొంత వెనక్కి తగ్గారు. చూశావా, కొత్తది అమ్మడంతో ఆగలేదు, ఉన్నదాన్ని లాక్కున్నారు.

బామ్మర్ది: అసలు లాక్కోవడం అంటే 2020దే. ఇంకో ఎక్స్‌పాన్షన్ బియాండ్ లైట్ వచ్చిన నవంబర్ 10న మార్స్, మెర్క్యురీ, టైటన్, అయో... మొత్తం లోకాలకి లోకాలే మాయం. మొదటి కథ రెడ్ వార్ కూడా పోయింది. ఆట సైజు మరీ పెరిగిపోయి మేనేజ్ చేయలేకపోతున్నాం అన్నారు.

బావ: ఆ కారణం అబద్ధమని నేననను, నిజమే అయ్యుండొచ్చు. కానీ 2018లో ఫర్‌సేకెన్ ఎక్స్‌పాన్షన్‌ని నలభై డాలర్లకి అమ్మి, 2022 ఫిబ్రవరిలో ఆ కథని తీసేస్తే, డబ్బిచ్చినవాడు దాన్ని ఏమనుకోవాలి? దానికి కొసమెరుపు విను. రెడ్ వార్ కథ నాది, కాపీ కొట్టారు అని ఒక రచయిత లూసియానా కోర్టులో కేసు వేశాడు. మా కథ వేరు అని చూపించడానికి బంగీ దగ్గర ఆడించి చూపే ఆట లేదు! యూట్యూబ్ వీడియోలూ, అభిమానుల వికీ పేజీలూ పట్టుకెళ్లారు. అవి ఎవరో చేసినవి, సాక్ష్యంగా చూడను అని 2025లో జడ్జి కేసు కొట్టేయడానికి ఒప్పుకోలేదు.

బామ్మర్ది: ఇది సినిమాలో పెడితే ఓవర్ అంటారు బావా.

బావ: ద ఫైనల్ షేప్ ఎక్స్‌పాన్షన్ మాత్రం బాగా తీశారు, 2024 జూన్‌లో వచ్చింది, చాలామంది మెచ్చుకున్నారు. రెండు నెలలు తిరక్కుండానే 220 మందిని ఇంటికి పంపారు. మనం ఇచ్చే యాభై డాలర్లతో ఆ పని చేసినవాళ్లు బతుకుతున్నారు అనుకుంటే, అదీ లేదు.

బామ్మర్ది: ఒక్కటి అడుగుతాను, కోప్పడకు. గంటల లెక్క వేస్తే? సినిమాకి వెళ్తే టికెట్, పాప్‌కార్న్, పార్కింగ్, మూడు గంటలకే అంత అవుతుంది. ఇక్కడ వందల గంటలు ఆడతాం.

బావ: ఆ లెక్క నాకు అస్సలు నచ్చదు. వంద గంటల్లో కొత్తగా చూసినవి ఎన్ని? పది ఉంటాయేమో, మిగతాదంతా చేసిందే చేయడం. ఆ తొంభై గంటలు వాళ్లు ఇచ్చినవి కాదు, నా నిద్రలోంచి నేను ఇచ్చినవి.

బామ్మర్ది: అయితే చేసిందే చేయడం తప్పంటావా? చిన్నప్పుడు అదే గల్లీలో అదే టెన్నిస్ బంతితో రోజూ క్రికెట్ ఆడలేదూ?

బావ: తప్పని ఎవరన్నారు? గల్లీలో కొత్త వికెట్ కొననివాడిని ఫీల్డింగ్‌కి కూడా రానివ్వం అనలేదుగా. హెల్‌డైవర్స్ 2 చూడు, 2024లో నలభై డాలర్లకి వచ్చింది. అందులోనూ రోజంతా పురుగుల్ని కాల్చడమే! కానీ వార్‌బాండ్‌కి, అంటే వాళ్ల బ్యాటిల్ పాస్‌కి, గడువు ఉండదు, దానికి కావాల్సిన క్రెడిట్లు మిషన్లలో ఏరుకోవచ్చు కూడా. తమాషా ఏంటంటే దాన్ని పబ్లిష్ చేసిందీ సోనీయే, 2022లో బంగీని కొన్నదీ సోనీయే. గనులు తవ్వే ఆట డీప్ రాక్ గెలాక్టిక్ ఇంకా మేలు, పాత సీజన్లు వెనక్కి వెళ్లి ఆడుకోవచ్చు, డబ్బుకి అమ్మేది ఎక్కువగా బట్టలూ గడ్డాలూ. నేను కొన్నా కొనకపోయినా నీ పక్కన నిలబడి తవ్వుతాను. నాకు కావాల్సింది అంతే.

బామ్మర్ది: మరి అదే ఆడదామా ఈ శనివారం నుంచి? ఆ ఊదారంగు ఎక్స్‌పాన్షన్ వదిలేద్దాం.

బావ: వదిలేద్దాం. నువ్వు కొనకపోతే నేనూ కొనను.

బామ్మర్ది: నేను కొనను, కానీ మన జట్టులో మూడోవాడు...

బావ: వాడికేమైంది?

బామ్మర్ది: నిన్న రాత్రే ప్రీ-ఆర్డర్ చేసేశాడు బావా. డీలక్స్ ఎడిషన్. మనం కూడా చేసేసి ఉంటాం అనుకున్నాడట.

బావ: ...లింక్ పంపించు. మీ అక్కకి చెప్పకు.