ఠీక్ హై సాబ్

అందరికీ నమస్కారం. కూర్చోండి, కూర్చోండి. వేదిక మీదున్న పెద్దలందరినీ పేరుపేరునా సంబోధించమని నాకో కాగితం ఇచ్చారు. అది చదివితే నాకిచ్చిన టైములో పావు వంతు అక్కడే అయిపోతుంది. పెద్దలు మన్నించాలి.

పరిచయం చేసిన అమ్మాయి నన్ను 'సియాచిన్ వీరుడు' అంది. అమ్మా, నేను అక్కడ ఒక్క శీతాకాలం ఉండి, వేళ్ళన్నీ లెక్కకు సరిపోగా కిందికి దిగొచ్చినవాణ్ణి. 1987లో దాదాపు 21 వేల అడుగుల ఎత్తున శత్రువు పోస్టును పట్టుకున్న బాణా సింగ్ గారిని వీరుడనాలి. గల్వాన్‌లో 2020 జూన్ 15 రాత్రి కమాండింగ్ ఆఫీసరై ఉండి కూడా తన జవాన్లతో ముందు నిలబడి ప్రాణమిచ్చిన కల్నల్ సంతోష్ బాబును అనాలి. నాకెందుకమ్మా ఆ మాట?

సరే, విషయానికొస్తాను. మీరంతా కొత్తగా టీమ్ లీడర్లు, సూపర్‌వైజర్లు అయినవాళ్ళు. ఇలాంటి సభలకు నన్ను పిలిచేవాళ్ళు ఫోన్‌లో తప్పకుండా ఒక మాటంటారు: "సార్, మావాళ్ళకి కాస్త మిలిటరీ డిసిప్లిన్ ఎక్కించండి." ఎదురు మాట్లాడకుండా చెప్పింది చెప్పినట్టు చేసే మనుషులు కావాలని దాని అర్థం. ఇరవై రెండేళ్ళు యూనిఫాం వేసుకున్నాను. మనుషులు నోరెత్తకపోవడం వల్ల నాకు జరిగిన మేలు ఒక్కటీ గుర్తు లేదు. ఒక కీడు మాత్రం బాగా గుర్తుంది. ఐదు పాయింట్లు రాసుకొచ్చాను, ఎన్నింటిదాకా వెళ్తామో చూద్దాం.

మొదటిది. డెహ్రాడూన్‌లో ఇండియన్ మిలిటరీ అకాడమీ 1932లో 40 మంది కేడెట్లతో మొదలైంది. ఫీల్డ్ మార్షల్ మానెక్‌షా ఆ మొదటి బ్యాచే. ఆ డిసెంబర్ 10న ప్రారంభోత్సవంలో అప్పటి సైన్యాధిపతి చెట్‌వుడ్ చెప్పిన మూడు వాక్యాలు ఇప్పటికీ అక్కడి హాల్లో చెక్కి ఉన్నాయి. దేశ భద్రత, గౌరవం, సంక్షేమం ఎప్పుడూ ముందు. నీ కింద పనిచేసేవాళ్ళ గౌరవం, సంక్షేమం, సౌకర్యం ఆ తర్వాత. నీ సుఖం, నీ సౌకర్యం, నీ భద్రత ఎప్పుడూ చివర. మూడూ మాకు కంఠోపాఠం. నిద్రలో లేపి అడిగినా చెప్పేవాళ్ళం. రెండో వాక్యంలో ఒక చిక్కుందని మాత్రం నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. వాళ్ళ బాగోగులు నేను చూసుకోవాలంటే, బాగోలేదని వాళ్ళు నాతో చెప్పాలి కదా! చెప్పకపోతే?

అప్పుడు నేను కెప్టెన్‌ని. పోస్టు 18 వేల అడుగుల పైన. నాతో పాటు పదిమంది. పైకి వెళ్ళేముందు శరీరం ఆ ఎత్తుకు అలవాటు పడాలి. 12 వేల అడుగుల దాకా 6 రోజులు, 15 వేల దాకా ఇంకో 4 రోజులు, ఆ పైన మరో 4 రోజులు ఆగి ఆగి వెళ్ళాలి. ఆఫీసరుకీ జవానుకీ ఒకటే లెక్క. అన్నీ పాటించినా కొండ ఎవర్ని ఎప్పుడు పట్టుకుంటుందో చెప్పలేం.

రోజూ సాయంత్రం గుడారంలో బుఖారీ చుట్టూ కూర్చున్నప్పుడు ఒక్కొక్కరినీ అడిగేవాణ్ణి, "ఠీక్ హై?" అని. "ఠీక్ హై సాబ్." మళ్ళీ పక్కవాణ్ణి. "ఠీక్ హై సాబ్." అన్నట్టు బుఖారీ అంటే కిరోసిన్ పొయ్యి. మంచు కరిగించి తాగునీళ్ళు చేసుకునేదీ దానిమీదే. పొద్దున లేచి ఉమ్మితే నల్లగా పడేది, అంత మసి.

ఒకరోజు ఒక కుర్రాడు, ఇరవై రెండేళ్ళుంటాయి, "సాబ్, తల నొప్పిగా ఉంది" అన్నాడు. ఆ రోజు నేను చిరాగ్గా ఉన్నాను. రేషన్ రావలసిన హెలికాప్టర్ వాతావరణం బాగోక వరసగా నాలుగో రోజు రాలేదు. "ఏం, తలనొప్పికి హెలికాప్టర్ పిలిపించమంటావా?" అన్నాను. అందరూ నవ్వారు. వాడూ నవ్వాడు. బాగా జోకేశాననుకున్నాను నేను.

మర్నాడు వాణ్ణి అడిగితే "ఠీక్ హై సాబ్." ఆ మర్నాడూ అంతే.

మూడో రాత్రి రెండింటికి హవల్దార్ వచ్చి లేపాడు. ఆ కుర్రాడు పడుకోలేక గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఊపిరి తీస్తుంటే లోపల గుడగుడమని చప్పుడు, హుక్కా పీలుస్తున్నట్టు. పెదాలు నీలం. దాన్ని మేం హాపో అంటాం, ఎత్తు వల్ల ఊపిరితిత్తుల్లోకి నీరు చేరడం. అసలు వైద్యం కిందికి దించడమే. రాత్రిపూట మా పోస్టుకు హెలికాప్టర్ రాదు. ఆ మంచు పగుళ్ళ మీదుగా చీకట్లో మనిషిని మోసుకుపోనూ లేం.

ఆక్సిజన్ పెట్టాం. హాపో బ్యాగ్ తీశాం. మనిషి పట్టేంత సంచీ అది. అందులో పడుకోబెట్టి, జిప్పు వేసి, కాలితో పంపు కొడుతూ లోపల గాలి ఒత్తిడి పెంచితే, ఉన్నచోటే ఉన్నా ఒంటికి కొన్ని వేల అడుగులు కిందికి దిగినట్టుంటుంది. పంపు ఆపకూడదు. ఆపితే లోపలి గాలి చెడిపోతుంది. వంతులేసుకున్నాం. ఆ ఎత్తులో పది నిమిషాలు తొక్కేసరికి తొక్కేవాడికే ఆయాసం వచ్చేది. సంచీకి చిన్న కిటికీ ఉంటుంది, అరచేయంత. నా వంతు వచ్చినప్పుడల్లా అందులోంచి వాడి మొహమే కనిపించేది. ఆవిరి పట్టి మసకబారిపోయేది, మళ్ళీ కనిపించేది. వాడు నావైపే చూస్తున్నాడని నా అనుమానం. తెల్లారేదాకా అదే చూశాను.

పది గంటలకు మబ్బు కాస్త విడిచింది. చీతా హెలికాప్టర్ వచ్చి తీసుకుపోయింది. బతికాడు. కంగారు పడకండి, బతికాడు.

హెలికాప్టర్ వెళ్ళాక హవల్దార్ నా పక్కకొచ్చి నిలబడ్డాడు. నాకన్నా పదిహేనేళ్ళు పెద్దవాడు. "సాబ్, మూడు రోజుల నుంచీ వాడు నాకు చెబుతూనే ఉన్నాడు. మీకు మాత్రం చెప్పొద్దన్నాడు" అన్నాడు. మరి నువ్వెందుకు చెప్పలేదని నేను అడగలేదు. ఆ రోజు నవ్వినవాళ్ళలో అతనూ ఉన్నాడు. ముందు నవ్వించింది నేను.

ఈ సంగతి రిపోర్టులో ఎక్కడా లేదు. వాతావరణం రాశాను, టైము రాశాను, ఎన్ని సిలిండర్లు వాడామో రాశాను. నా జోకు రాయలేదు. ఇన్నేళ్ళుగా సభల్లో చెప్పుకుంటున్నాను, బహుశా అందుకేనేమో.

ఏమిటి? చీటీ వచ్చింది. ఐదు నిమిషాలట. రెండో పాయింటు నిర్ణయాలు తీసుకోవడం గురించి. అది వదిలేద్దాం. నాలుగోదీ ఐదోదీ మీకు ఏ పుస్తకంలోనైనా దొరుకుతాయి.

ఇదొక్కటి చెప్పనివ్వండి. ఆ తర్వాత "ఠీక్ హై?" అని అడగడం మానేశాను. ఆ ప్రశ్నకు ఒకటే జవాబుంటుంది. సాయంత్రం అందరూ కూర్చోగానే ముందు నేనే బూట్లు, సాక్సులు విప్పి కాళ్ళు బుఖారీ వెలుగులో పెట్టేవాణ్ణి. మంచు కొరికిందా లేదా అని కాళ్ళు చూసుకోవడం అక్కడ రోజువారీ పనే. అంతకుముందు వాళ్ళ కాళ్ళు నేను చూసేవాణ్ణి. ఇప్పుడు నావి వాళ్ళకు చూపించాను. "ఎడమ బొటనవేలు మొద్దుబారింది. రాత్రి రెండు గంటలే నిద్రపట్టింది" అని నా సంగతి నేనే చెప్పేవాణ్ణి. మొదటి రెండు రోజులు ఎవరూ ఏమీ అనలేదు. ఆఫీసర్ సాబ్‌కి ఏదో అయిందనుకుని ఉంటారు. మూడో రోజు వంటవాడు అన్నాడు, "సాబ్, నాకు రెండు రోజులుగా అన్నం సయించట్లేదు." నర్సింగ్ అసిస్టెంట్ వెంటనే వెళ్ళి అతని పల్స్ చూశాడు. గుడారంలో ఎవరూ నవ్వలేదు. నేను ఒక్కొక్కరి మొహమూ చూశాను, ఎవరైనా నవ్వుతారేమోనని.

ఇక ప్రశ్నలడగమని మిమ్మల్ని అడగాలి. నిర్వాహకుల కార్యక్రమంలో అలాగే ఉంది. కానీ వెనక వరసల్లో ఉన్న మీరంతా ఇందాకటి నుంచీ ముందు వరసలోని తలల వంక చూస్తూ కూర్చున్నారు. వేదిక ఎత్తు కదా, నాకన్నీ కనబడుతున్నాయి. ముందు వరసలో ఉన్న పెద్దలకు నాదొక మనవి. బయట టీ సిద్ధంగా ఉందట. ఓ పావుగంట వెళ్ళి తాగి రండి. తలుపు దగ్గరికి వేసి వెళ్ళండి.

ఆఁ, ఇప్పుడు అడగండి.