బగెట్ అమ్మని రొట్టెల దుకాణం

సభాధ్యక్షులకు, పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

యాత్రానుభవం చెప్పమని నిర్వాహకులు అడిగినప్పుడు, పారిస్ నగరంలో చూసిన గొప్ప కట్టడాలన్నింటినీ పక్కన పెట్టి, పది మంది నిలబడితే నిండిపోయే ఒక రొట్టెల దుకాణాన్ని ఎంచుకున్నాను. దాని పేరు ప్వాలాన్. నగరంలోని ఆరవ వార్డులో, షెర్ష్ మిది అనే వీధిలో, ఎనిమిదో నంబరు ఇల్లు. 1932లో ప్యెర్ ప్వాలాన్ అనే నార్మండీ ప్రాంతపు యువకుడు దీన్ని ప్రారంభించాడు. ఇవాళ ప్రపంచం నలుమూలల నుంచి వచ్చే యాత్రికులు వెతుక్కుంటూ వెళ్లే చోటు ఇది.

మొదటిసారి వెళ్లినప్పుడు నేను చేసిన పొరపాటుతోనే మొదలుపెడతాను. ఫ్రెంచివాళ్ల రొట్టె అనగానే మనందరి కళ్ల ముందు మూరన్నర పొడవున, బంగారు రంగులో, చంకలో పెట్టుకుని నడిచే ఆ సన్నని బగెట్ కనబడుతుంది. నేనూ వెళ్లీ వెళ్లగానే బగెట్ ఒకటి ఇమ్మన్నాను. అది అక్కడ దొరకదు. ఫ్రాన్స్‌లో అంతటి పేరున్న రొట్టెల దుకాణం, ఫ్రాన్స్‌కే గుర్తుగా నిలిచిన రొట్టెను అమ్మదు. ఈ వైచిత్రి ఎలా వచ్చిందో తెలుసుకోవాలనే కుతూహలమే నన్ను ఆ దుకాణం చరిత్ర చదివేలా చేసింది.

బగెట్‌ను తక్కువ చేయాలని నా ఉద్దేశం కాదు. దాని తయారీ నైపుణ్యాన్నీ, దాని చుట్టూ అల్లుకున్న సంస్కృతినీ యునెస్కో 2022లో మానవాళి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది. ‘సంప్రదాయ ఫ్రెంచి రొట్టె’ అనే పేరుతో అమ్మే రొట్టెలో రసాయనాలు కలపరాదని, దాని పిండిని గడ్డకట్టించి నిల్వ చేయరాదని 1993 నాటి ప్రభుత్వ ఉత్తర్వు చెబుతుంది. మరో ఐదేళ్లకు వచ్చిన చట్టం ప్రకారం, పిండి కలపడం నుంచి కాల్చడం దాకా అన్నీ అమ్మే చోటనే జరిగితే తప్ప దుకాణం ముందు ‘బూలాంజెరీ’, అంటే రొట్టెల దుకాణం, అనే బోర్డు పెట్టుకోకూడదు. కాబట్టి పారిస్‌లో తిరిగేవాళ్లు అద్దాల వెనక అలంకరణ కన్నా ముందు బోర్డు మీది మాటను చూసుకోవడం మంచిది.

ప్వాలాన్ వారి రొట్టె పేరు మిష్. గుండ్రంగా, బండి చక్రపు కుండలా మధ్యలో ఉబ్బి, దాదాపు 1.9 కిలోల బరువుంటుంది. పైచర్మం గట్టిగా, ముదురు గోధుమ రంగులో ఉంటుంది. తిరగలి రాళ్ల మధ్య విసిరిన గోధుమపిండి, నీళ్లు, గెరాండ్ తీరపు సముద్రపు ఉప్పు, పులిసిన పిండి, ఇంతే సరుకు. బజారులో దొరికే ఈస్ట్‌తో పిండిని త్వరత్వరగా పొంగించరు. నిన్న కలిపిన పిండిలో కొంత దాచి ఇవాళ్టి పిండికి కలుపుతారు, ఇవాళ్టి దాంట్లోంచి రేపటికి దాస్తారు. వాళ్లు దాన్ని ‘లెవాన్’ అంటారు. పాలు తోడు పెట్టే ఇల్లాలికి ఆ పద్ధతిని వేరే వివరించనక్కరలేదు, మన తోడు లాంటిదే అది. ఇలా పులిసిన ముద్దలను గుడ్డ పరిచిన బుట్టల్లో పొంగనిచ్చి, దుకాణం కింద నేలమాళిగలో ఉన్న కట్టెల పొయ్యిలో కాలుస్తారు. అమ్మకం జరిగే గదిలో నిలబడినవాళ్లకు ఆ పొయ్యి కనబడదు గానీ దాని వెచ్చదనమూ, కాలిన పిండి వాసనా గడపలోనే ఎదురొస్తాయి.

ఇప్పుడు ఇంత గౌరవం పొందుతున్న ఈ నల్లరొట్టెకు ఒక చెడ్డకాలం ఉండేది. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ల ఆక్రమణ కింద ఫ్రెంచి ప్రజలు రేషన్ మీద, ఏవేవో కలిసిన ముదురు రంగు రొట్టెతో రోజులు వెళ్లదీశారు. యుద్ధం ముగిసిన తరువాత కూడా 1949 దాకా రొట్టెకు రేషన్ తప్పలేదు. దాంతో నల్లరొట్టె అంటే కరువు, తెల్లరొట్టె అంటే విముక్తి అనే భావం జనంలో పాతుకుపోయింది. తెల్లని బగెట్ కోసం అందరూ ఎగబడుతున్న ఆ రోజుల్లో ప్యెర్ ప్వాలాన్ మాత్రం పల్లెటూరి గుండ్రని రొట్టెను వదలలేదు. మనకు ఇది కొత్త కథ కాదు. రాయలసీమలోనూ తెలంగాణలోనూ వరి అన్నం పండుగనాటి భోగంగా, జొన్నరొట్టె, రాగిసంగటి రోజువారీ తిండిగా ఉన్న కాలాన్ని మన తాతల తరం ఎరుగును. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక జొన్న చేతిలోంచి జారిపోవడం వేగం పుంజుకుంది. ఇప్పుడు అదే జొన్నపిండిని, అవే రాగులను నగరాల్లోని ఖరీదైన దుకాణాల్లో రెట్టింపు డబ్బు పోసి కొంటున్నాం. పేదవాడి తిండి ధనవంతుడి రుచిగా మారేందుకు ఒక తరం దాన్ని మరిచిపోవలసి వస్తుందేమో. ప్వాలాన్ విషయంలో తేడా ఏమిటంటే, ఆ మరిచిపోయిన తరంలో కూడా ఆ పొయ్యి ఆరలేదు.

ఆ పేటలో చిత్రకారులు ఎక్కువ, వాళ్ల దగ్గర డబ్బు తక్కువ. రొట్టెకు డబ్బివ్వలేని చిత్రకారుల దగ్గర ప్యెర్ రొట్టె బొమ్మలు గీయించుకునేవాడు. ఆ చిత్రాలు ఇప్పటికీ దుకాణం వెనక గదిలో గోడల నిండా ఉన్నాయి. ఆయన కొడుకు లియొనెల్ కాలంలో స్పెయిన్ చిత్రకారుడు సల్వడోర్ డాలీ ఏకంగా రొట్టెతో గది సామానే చేయించుకున్నాడు. వెనక గదిలో వేలాడే రొట్టె దీపగుచ్ఛం ఆ స్నేహానికి గుర్తు. నా మటుకు నాకు డాలీ ముచ్చట కన్నా, ఆకలికి బదులుగా బొమ్మ ఇచ్చి వెళ్లిన ఊరూపేరూ తెలియని చిత్రకారులే ఎక్కువ గుర్తున్నారు.

లియొనెల్ పద్నాలుగో ఏట ఆ నేలమాళిగలో పనికి దిగాడు. 1970 ప్రాంతంలో వ్యాపారం చేతికి వచ్చాక, గిరాకీ పెరిగింది గనుక పెద్ద కర్మాగారం కట్టి యంత్రాలకు అప్పగించడం తేలిక. పారిస్‌కు నైరుతి దిశన ఉన్న బ్యెవ్ర్‌లో ఆయన పెద్ద కట్టడమే కట్టాడు, అయితే అందులో 24 కట్టెల పొయ్యిలు పెట్టాడు. మధ్యలో కట్టెల గుట్ట, దాని చుట్టూ వలయంగా పొయ్యిలు. పిండి కలపడానికి యంత్రం ఉంటుంది గానీ, ముద్ద చేయడమూ పొయ్యిలో పెట్టడమూ మనిషి చేతి పనులే. దుకాణాన్ని పెద్దది చేసే బదులు చిన్న దుకాణాన్నే ఇరవైనాలుగు సార్లు పక్కపక్కన కట్టాడని నాకు అనిపిస్తుంది. 2002 అక్టోబరులో ఫ్రాన్స్‌లోని బ్రిటనీ తీరాన జరిగిన హెలికాప్టర్ ప్రమాదంలో లియొనెల్, ఆయన భార్య మరణించారు. పెద్ద కుమార్తె అపొలోనియాకు అప్పటికి పద్దెనిమిదేళ్లు. ఆమె బాధ్యత స్వీకరించి, అమెరికాలోని హార్వర్డ్‌లో చదువుతూనే సంస్థను నడిపింది.

ఇక దుకాణంలో యాత్రికుడు మెలగవలసిన తీరు ఒకటుంది. లోపల అడుగు పెట్టగానే ‘బోంజూర్’ అనాలి. మనవాళ్లు సరాసరి ‘అది ఎంత?’ అని అడుగుతారు. మన ఊళ్లో అది తప్పు కాదు గానీ, అక్కడ పలకరింపు లేని బేరం మర్యాద తప్పినట్టే. వేరొక దుకాణంలో నేను అలా అడిగినప్పుడు, అక్కడి ఆవిడ సమాధానం చెప్పకుండా చిరునవ్వుతో ‘బోంజూర్’ అని ఆగింది. నేను తిరిగి ఆ మాట అన్న తరువాతే ధర చెప్పింది. ప్వాలాన్‌లో మాత్రం పాఠం నేర్చుకుని వెళ్లాను. రెండు కిలోల రొట్టె ఒంటరి ప్రయాణికుడికి ఎందుకన్న దిగులు అక్కర్లేదు, సగమో పావో కోసి తూకం వేసి ఇస్తారు. పావు రొట్టెతో పాటు చిన్న వెన్న బిస్కెట్లు కొన్నాను. వాటి పేరు ‘ప్యునిస్యోన్’, అంటే శిక్షలు. ఇంట్లోని పెద్దావిడ పిల్లలను శిక్షించడానికన్నట్టు గద్దించి పిలిచి, తీరా దగ్గరికి వచ్చాక చేతిలో ఈ బిస్కెట్లు పెట్టేదని ప్వాలాన్ కుటుంబం చెప్పుకునే కథ.

కొన్న రోజున ఆ రొట్టె నాకు నచ్చలేదని ఒప్పుకోవాలి. జ్వరం వచ్చినప్పుడు పాలలో ముంచి తినిపించే మెత్తని తెల్ల ముక్కనే బ్రెడ్డు అనుకుని పెరిగిన నాలుక నాది. ఈ రొట్టె పైన గట్టి, లోపల తడి, నమలగా నమలగా పుల్లదనం. నేను దిగిన తెలుగువారి ఇంట్లో ఇల్లాలు, దాన్ని ఫ్రిజ్‌లో పెట్టవద్దని చెప్పి, కోసిన వైపు చెక్క మీద బోర్లించి గుడ్డ కప్పింది. రెండో రోజుకు పులుపు, గోధుమ తీపి ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. నాలుగో రోజు ఉదయం ఆమె చివరి ముక్కలను పెనం మీద నెయ్యి వేసి కాల్చి ఇచ్చింది. ప్రతి మిష్ మీదా కాల్చే ముందు కత్తితో ‘పి’ అనే అక్షరం గీస్తారు. నా పళ్లెంలోని ముక్క మీద దాని వంపు మాత్రమే మిగిలి ఉంది.