జన్మపాపం అంటే పూర్వజన్మ పాపం కాదు

(హన్మకొండ స్టూడియో చర్చ. పాల్గొన్నవారు: ఒక కతోలిక ఫాదర్, ఒక సీఎస్‌ఐ పాస్టర్, గ్రీకు బైబిల్ బోధించే ఒక అధ్యాపకురాలు.)

సమన్వయకర్త: ఫాదర్ గారూ, సూటిగా అడుగుత. అన్నీ దేవుడే చేసిండంటరు. మరి చెడును చేసిందెవరు?

ఫాదర్: చెడు ఒక వస్తువైతే గదా, చేసినోడు ఉండాలె! తొలినాటి సంఘపు పెద్ద బోధకుడు అగస్టీను ఈ ప్రశ్నతోనే సతమతమైండు. దాదాపు తొమ్మిదేండ్లు మానికేయ మతంల ఉండి వెలుగొక శక్తి, చీకటొక శక్తి అని నమ్మిండు. చివరికి ఆయన తేల్చింది ఏందంటే, ఉన్నదంతా మంచిదే, ఆ మంచికి పడ్డ లోటే చెడు. చెరువు కట్టకు గండి పడ్డదనుకోండి. ఆ గండిని తెచ్చి చేతిల పెట్టమంటే పెట్టగలమా? కట్ట ఉంటేనే గండి.

సమన్వయకర్త: అంటే చెడు ఉత్తదేనా? రోజూ ఇన్ని హత్యలు చూస్తున్నం.

ఫాదర్: ఉత్తదని ఎవరన్నరు? కింద పొలాలన్నిటినీ ముంచేది ఆ గండే.

సమన్వయకర్త: సరే, జన్మపాపం సంగతి. దేవుని మాట మీరిన మొదటి మనిషి ఆదాము తప్పు మనకెందుకు అంటాలె?

అధ్యాపకురాలు: పౌలు రాసిన రోమా పత్రిక 5:12 దగ్గర ఆగి చూడాలి. అగస్టీను చదివిన లాటిన్ పాఠాన్ని ‘అతనిలో అందరూ పాపం చేశారు’ అని అర్థం చేసుకునే వీలుంది. గ్రీకులో ఉన్న ‘ఎఫ్ హో’ను ఇప్పుడు చాలామంది పండితులు ‘ఎందుకంటే’, ‘చేసినందువల్ల’ అన్న అర్థంలోనే తీసుకుంటున్నారు. మన తెలుగు బైబిల్‌లోనూ ‘మనుష్యులందరు పాపము చేసినందున’ అనే ఉంది. తూర్పు (ఆర్థడాక్స్) సంఘాలైతే ఆదాము నుంచి మనకు మరణం, బలహీనత వచ్చాయి గానీ ఆయన దోషం రాలేదంటాయి.

పాస్టర్: నిజమే మేడమ్, కానీ గొడవంతా ఆ ఒక్క మాట మీదనే లేదు. మనిషి తన బలంతోనే పాపం లేకుండ బతకొచ్చన్న పెలాగియన్ బోధను 418ల ఉత్తర ఆఫ్రికాల కార్తేజిల కూడిన బిషప్పుల సభ తోసిపుచ్చింది. మా సంస్కరణ (ప్రొటెస్టెంట్) సంఘాలల్ల ‘సంపూర్ణ పతనం’ అంటరు. దాన్ని చానామంది తప్పుగ వింటరు. మనిషి ఎంత చెడ్డగ ఉండగలడో అంత చెడ్డగ ఉన్నడని కాదు. బుద్ధి, ఇష్టం, ప్రేమ, వీటిల్ల పాపం తాకని మూల లేదని దాని అర్థం.

ఫాదర్: మా దగ్గర 1546ల ట్రెంట్‌ల జరిగిన కతోలిక సభ గీసిన గీత వేరు. జ్ఞానస్నానంతోటి (బాప్తిస్మంతోటి) జన్మపాపం పోతది, పాపం దిక్కు లాగే మొగ్గు మాత్రం మిగుల్తది, ఆ మొగ్గు దానంతట అది పాపం కాదు. ప్రొటెస్టెంట్ సంస్కరణ మొదలుపెట్టిన లూథర్ దాన్నీ పాపమే అన్నడు. ఇంకో మాట చెప్పాలె. ‘జన్మపాపం’ అనంగనే మనోళ్లకు పూర్వజన్మ కర్మ గుర్తొస్తది. అది పూర్తిగ వేరు. మనం చేసిన తప్పు లెక్క కాదది. మొదట ఉన్న పవిత్రత లేకుండ పుట్టడం. స్వభావానికి గాయమైంది, అంతేగాని మొత్తం కుళ్లిపోలేదు.

పాస్టర్: ఈ తేడా తెల్వకనే చావింట్ల ఘోరం జరుగుతది. బిడ్డను పోగొట్టుకున్న తల్లితోటి ‘ఏం పాపం చేసినవో’ అంటరు. యోహాను 9:3ల గుడ్డివాని గురించి శిష్యులు అడిగితే వీడు గాని, వీని కన్నవారు గాని పాపం చేయలేదని యేసే చెప్పిండు. అంత స్పష్టంగ ఉన్నంక ఆ మాట ఎట్ల అంటరో నాకు అర్థం కాదు.

అధ్యాపకురాలు: ‘శరీరం’ అన్న మాటా అట్లాగే దారి తప్పిస్తుంది. పౌలు రాసిన ‘సార్క్స్’ అంటే దేవుణ్ని కాదని తన కోసమే బతికే తీరు. అది ‘శరీరము’గా తెలుగులోకి వచ్చేసరికి ఒళ్లే చెడ్డదని విశ్వాసులు అనుకుంటారు. గలతీ 5:19-21 లెక్కపెట్టి చూడండి. పదిహేను శరీరకార్యాల్లో ద్వేషం, కలహం, కక్ష, అసూయ లాంటివే ఎనిమిది! వాటిలో ఏది ఒంటి తప్పు?

సమన్వయకర్త: మరి బాప్తిస్మం క్లాసుల ఎట్ల మొదలుపెట్టాలె పాస్టర్ గారూ?

పాస్టర్: ఆదికాండం 3 తోటి మొదలుపెట్టొద్దు. ముందు 1:27, 1:31 చదివించాలె, అంటే దేవుని స్వరూపం, చాలా మంచిది అన్న మాటలు. తర్వాతనే ఆదాము పతనం చెప్పే మూడో అధ్యాయం. వెంటనే 9:6 కూడ చూపాలె, పతనం తర్వాత సుత ఆ స్వరూపం పోలేదని. మేడమ్ చెప్పిన గలతీ జాబితాను 21 దగ్గర ఆపొద్దు. 22, 23ల ఆత్మఫలం తొమ్మిది గుణాలున్నయి, అవి అదే పూట చదవాలె.