సమయపాలన గురించి చెప్పమన్నారు

(ఆగస్టు 15న ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో జరిగిన బహుమతుల పంపిణీ సభలో రిటైరైన జీవశాస్త్రం టీచర్ ఒకరు చేసిన ప్రసంగం)

వేదిక మీదున్న హెడ్మాస్టర్ గారికి, సర్పంచ్ గారికి, తోటి ఉపాధ్యాయులకు, ఎండలో కూర్చున్న పిల్లలకు, వేపచెట్టు కింద నిలబడ్డ తల్లులకు నమస్కారం. అందరినీ పేరుపేరునా పిలిస్తే జెండా దించే వేళవుతుంది, మన్నించండి.

నాకిచ్చిన అంశం ‘విద్యార్థి జీవితంలో సమయపాలన’. నాలుగు పేజీలు రాసుకునే వచ్చాను, జేబులో ఉన్నాయి. కానీ ఇక్కడ కూర్చున్నాక నా చూపు పైకి పోయింది. ఈ షామియానా కర్రకు, మూడు రంగుల కాగితాల మధ్యన, నాలుగు గిజిగాడు గూళ్లు వేలాడదీశారు. అందంగానే ఉన్నాయి. సర్పంచ్ గారూ, మీరు రోడ్డు గురించి మాట్లాడినంతసేపూ నేను వాటినే చూస్తున్నాను. రోడ్డు శాంక్షన్ అయిందన్నారో, అవుతుందన్నారో కూడా నాకు తెలీదు.

ఈ మైకు కుయ్యిమంటోంది, కాస్త తగ్గించు నాయనా.

ఆ గూడొకటి విప్పి ఇటివ్వండి. అది కాదు, పచ్చగా ఉంది చూడండి, అది.

పిల్లలూ, ముందు వరసవాళ్లు దగ్గరికి రండి. మిగతా మూడూ ఎండి గోధుమరంగుకు తిరిగాయి, అవి నిరుటివి. ఇది ఇంకా పచ్చిది. వాసన చూడండి, కోసిన గడ్డి వాసన. మొన్నటిదాకా చెట్టుకే ఉంది ఇది. దీనికి కింద గొట్టం లేదు, గమనించారా? పైన టోపీలాగా ఉంది, మధ్యలో అడ్డంగా ఒక పట్టీ, పట్టీకి అటొక ఖాళీ, ఇటొక ఖాళీ. అంటే సగం గూడు.

ఈ సగం గూడుకే వారం పైగా పడుతుంది. కట్టేది మగపిట్ట ఒక్కటే. పిచ్చుకంత ఉంటుంది, వానాకాలంలో తల మీద పసుపు పూసినట్టు అవుతుంది. వరి ఆకు అంచున ముక్కుతో చిన్న గాటు పెడుతుంది. గాటు దగ్గర పట్టుకుని ఎగిరిపోతుంది. ఆ ఎగిరే ఊపుకు ఆకు నిలువునా చీలి పోగు వస్తుంది. ఇదిగో, ఒకటి లాగి చూపిస్తాను... చూడండి, రావట్లేదు. లాగుతుంటే ఇంకా బిగుసుకుంటోంది. ఆ, వచ్చింది. జానెడు పైనే ఉంది. ఇలాంటి పోగుల కోసం ఒక గూటికి 500 సార్ల దాకా తిరుగుతుంది. చేతుల్లేవు. ముక్కు, కాళ్లు, అంతే.

సగం కట్టాక ఆగుతుంది. ఎందుకు ఆగుతుందో మా నాయన చెప్పాడు నాకు. మా నాయన కల్లుగీత కార్మికుడు. మోకు, ముస్తాదు భుజానేసుకుని పొద్దున, సాయంత్రం చెట్లెక్కేవాడు. బడి మొహం చూడలేదు. ఒకరోజు మా మోటబావి మీదికి వంగిన ఈతచెట్టు చూపించి, ‘ఆడిది అచ్చి సూసిపోయింది రా. నచ్చలే. ఇగ ఆ గూడు గంతే’ అన్నాడు. నేను డిగ్రీలో పుస్తకం తెరిస్తే అదే ఉంది. టోపీ దశలో ఆడపిట్టలు వచ్చి లోపల దూరి, లాగి చూస్తాయి. మగవన్నీ రెక్కలు టపటపలాడిస్తూ ఒకటే గోల. నచ్చితే ఆడది అక్కడే ఉండిపోతుంది, మగది గుడ్ల గది పూర్తిచేసి, కింద గొట్టం అల్లుతుంది. మొత్తం 18 రోజుల పని. నచ్చకపోతే చాలాసార్లు ఆ గూడు అలాగే మిగులుతుంది, ఇంకోటి మొదలు.

ఇంకో సంగతి పిల్లల ముందు చెప్పొచ్చో లేదో. ఆడది గుడ్లు పెట్టగానే ఈయన పక్క కొమ్మకు పోయి ఇంకో గూడు మొదలుపెడతాడు, ఇంకొక ఇల్లాలి కోసం. పొదగడమంతా తల్లే, పిల్లల్ని మేపడంలోనూ ఎక్కువ వంతు తల్లిదే. హెడ్మాస్టర్ గారు నవ్వుతున్నారు, కానీ దీన్ని పట్టుకున్నది పక్షుల శాస్త్రవేత్త సలీం అలీ. 1930లో ఉద్యోగం లేక బొంబాయి అవతల కిహీం అనే సముద్రపు ఒడ్డు ఊళ్లో ఉన్నప్పుడు, ఇంటి దగ్గరి చెట్టు మీది గూళ్లను నెలల తరబడి చూసి రాశాడాయన. ఆ తర్వాత నిజాం రాష్ట్రంలో పక్షుల సర్వే కోసం మన వైపూ వచ్చి తిరిగాడు.

మా నాయనమ్మ ఇంకోటి చెప్పేది, గూట్లో మట్టి ముద్దలు పెట్టి వాటికి మిణుగురులు అతికించి దీపం పెట్టుకుంటుందని. మట్టి ఉండేది నిజమే, నేను చాలా గూళ్లలో చూశాను. మిణుగురు మాత్రం ఒక్కటీ కనబడలేదు. అయినా నా పిల్లలకు నేనూ అదే చెప్పాను.

ఎక్కడికో పోతున్నాను. ఈ గూడు కోసిందెవరో నాకొద్దు. నువ్వేనా? తల దించుకోకురా. నిన్ను తిట్టే హక్కు నాకు లేదు. ఎందుకో చెప్తాను, కూర్చోండి.

ఏడో తరగతిలో మా బడిలో సైన్స్ ప్రదర్శన పెట్టారు. ఎవరేం తెస్తారో తెమ్మన్నారు. నేను దోటికి కొడవలి కట్టి, నాయన లేని టైం చూసి, ఆ ఈతచెట్టు నుంచి గూడు కోశాను. సగం గూడు కాదు, మూరెడు గొట్టంతో నిండు గూడు. చేతిసంచిలో పెట్టుకుని రెండు మైళ్లు నడిచాను. దారిలో సంచిలోంచి కిచకిచమని సన్నగా వినబడింది. వినబడింది పిల్లలూ. గడ్డి రాసుకుంటోంది అనుకున్నాను. అనుకున్నాను అంటే, అలా అనుకోవాలని అనుకున్నాను. సంచి ఇంకో చేతికి మార్చుకుని నడక పెంచాను.

ఫస్ట్ ప్రైజ్ వచ్చింది. జామెట్రీ బాక్సు. సాయంత్రం అది చూపించడానికి బావి దగ్గరికి ఉరికాను. నాయన లొట్టి దించి చెట్ల వైపు చూస్తూ నిలబడి ఉన్నాడు. కోసిన మట్ట చివర ఒక పిట్ట తిరుగుతోంది. ముక్కున ఆకుపచ్చ పురుగు. మట్ట కొసను పట్టుకుని వేలాడుతుంది, కిందికి వంగి చూస్తుంది, ఎగిరిపోతుంది, మళ్లీ వస్తుంది. పురుగు మాత్రం వదల్లేదు. ‘గూడు యాడిది రా?’ అన్నాడు నాయన. ‘పాతది నాయినా, ఖాళీది’ అన్నాను. ఆయన జామెట్రీ బాక్సు తెరిచి, వృత్తలేఖిని ఒకసారి వేలితో తాకి, మూసి నా చేతిలో పెట్టాడు. అంతే. కొడితే బాగుండేది.

గూడును హెడ్మాస్టర్ గారి గదిలో మేకుకు తగిలించారు. నాలుగో రోజు గోడ వెంట చీమలు బారు కట్టాయి. అటెండర్ దించి దులిపాడు. రెండు, ఈకలు కూడా సరిగా రానివి. నన్ను ఎవరూ ఏమీ అనలేదు. ఆ బాక్సుతోనే పదో తరగతి పాసయ్యాను.

చీటీ వచ్చింది. ‘టైం’ అని రాశారు. సమయపాలన గురించే కదా సార్, అయిపోతోంది.

రైతులు కూడా ఉన్నారిక్కడ. ‘మా వరి కంకులు తినేది అదే కదా, దానికేం పాట పాడతావయ్యా’ అంటారు. తింటుంది, కాదనను. మా చేనులో నేనూ వడిసెల తిప్పినవాణ్ణే. కానీ పిల్లలకు నోట్లో పెట్టేది ఎక్కువగా మిడతల్ని, పురుగుల్ని, అది కూడా లెక్కలో వేసుకోండి. నా కోపం వేరే వాళ్ల మీద. హోటల్ హాళ్లలో, పెళ్లి డెకరేషన్లలో, హాల్లో సోఫా పక్కన ఈ గూళ్లు పెట్టి ‘నేచురల్ లుక్’ అంటారు. అన్నీ రాలిపడినవే అంటారు. నేనూ ‘ఖాళీది’ అన్నాను.

మా మోటబావి పూడ్చేశారు. బోరు పడ్డాక బావితో పనేముంది? బావి పోయాక ఈతచెట్టు అడ్డమన్నారు, దాన్నీ కొట్టేశారు. ఈ పిట్టకు కింద నీళ్లుండాలి, లేదా ముళ్ల తుమ్మ ఉండాలి, పామూ కాకీ సులువుగా రాకుండా. ఇప్పుడు కరెంటు తీగలకు కూడా అల్లుతోంది, నేను చూశాను. తీగ మీద గూడు బాగానే నిలుస్తుంది. లైన్మన్ వచ్చేదాకా.

పొద్దున బస్సు దిగి, ఇంకా టైముందని మీ బడి వెనక్కి పోయాను. కాంపౌండ్ గోడ అవతల కుంట గట్టున ఈతచెట్టుంది. తొమ్మిది గూళ్లు లెక్కపెట్టాను, దాదాపు అన్నీ తూర్పు వైపే. పడమటి గాలివాన నుంచి చాటు. ఒక మట్ట కొసన కత్తి గాటు తెల్లగా ఉంది, ఇది అక్కడిదే. ఆ పక్కనే ఒక మగపిట్ట కొత్త పోగు ముడి వేస్తోంది. ఇదే పిట్టో, వేరేదో నేను చెప్పలేను. ముడి ఒకసారి జారింది, మళ్లీ వేసింది. దాని కింది మట్టకు పోయినేడు పుట్టిన కుర్రపిట్ట ఒకటి అల్లుతోంది, వంకరటింకరగా. మొదట్లో అన్నీ అలాగే అల్లుతాయి. ఏ ఆడదీ దాని వైపు పోదు.

హెడ్మాస్టర్ గారూ, బహుమతులు ఇంకో అరగంట ఆగితే ఏమీ కాదు కదా? లడ్డూలు ఎలాగూ ఇంకా రాలేదు. పిల్లలూ, పదిమంది పదిమందిగా రండి. చెప్పులు ఇక్కడే విడిచిపెట్టండి. గోడ దగ్గర వేలెత్తి చూపించకూడదు, అరవకూడదు. ఏరా, తల దించుకున్నవాడా, నువ్వు ముందు నడువు, దారి నీకు తెలుసు. ఈ సగం గూడు నీ చేతుల్లోనే ఉండనీ.

మైకు కట్టేయ్ నాయనా. చెట్టు దాకా వినబడుతోంది.